మహానంది నీళ్ళు – మా నాయన పాదాలు

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి అమ్మగారికి అరవై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్నారు. పదేళ్ళుగా మధుమేహం, అంటే మనం ఇళ్ళలో షుగరు అనుకునే జబ్బు కూడా ఉంది. మహానంది కోనేటి నీళ్ళు వెచ్చగా ఉంటాయనీ, మూడు రోజులు వరసగా మునిగితే కీళ్ళ నొప్పులు పోతాయనీ ఎవరో చెప్పారట. వేసవి సెలవుల్లో పిల్లలు వస్తారు కాబట్టి అందరూ కలిసి మహానందికి వెళ్ళి, అక్కడి నుంచి అహోబిలం కొండ కూడా ఎక్కి వద్దామనుకుంటున్నారు. తీసుకువెళ్ళవచ్చా, కూడదా అని అడిగారు.

తీసుకువెళ్ళండి. ఆ నీళ్ళ గురించి మీకు భయం అక్కరలేదు. నాకున్న భయం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు ఆ నీళ్ళ సంగతి చెప్పాలి.

నంద్యాలకు తూర్పున నల్లమల కొండల పాదాల దగ్గర ఉంది మహానంది. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా. ఇప్పుడు నంద్యాల జిల్లా. మన రాయలసీమలో మే నెల వచ్చిందంటే బావులు అడుగంటుతాయి, బోర్లు గాలి కక్కుతాయి. అలాంటి నేల మీద ఏడాది పొడుగునా ధార తగ్గకుండా ఊట పొంగుతూ ఉంటుంది. గుండంలో నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడిన నాణెం బొమ్మా బొరుసా అన్నది పై నుంచే చెప్పవచ్చు. గుడి దాటి బయటికి పారిన నీటితో చుట్టూ అరటి తోటలు పండుతాయి. కడప నుంచి వెళ్ళిన వాడికి ఆ పచ్చదనం చూస్తే ముందు కళ్ళు చల్లబడతాయి, తరువాతే భక్తి.

ఆ నీళ్ళు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని అందరూ చెబుతారు. అది నిజమే. కాని మారేది నీళ్ళు కాదు, మనం. నల్లమల మీద కురిసిన వాన రాళ్ళ పగుళ్ళలోకి ఇంకి, లోపల చాలాకాలం తిరిగి, కొండ అడుగున పైకి వస్తుంది. భూమి లోపలికి కాస్త దిగితే ఎండాకాలమూ, చలికాలమూ అనే తేడా ఉండదు. అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. నంద్యాల వైపు అది సుమారు ఇరవై ఎనిమిది డిగ్రీలు. మాఘమాసం తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీల గాలిలో వణుకుతూ దిగిన వాడికి ఆ నీరు గోరువెచ్చన. మే నెల మిట్టమధ్యాహ్నం నలభై రెండు డిగ్రీల్లో ఉడికి దిగిన వాడికి అదే నీరు చల్లన.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోండి. మూడు గిన్నెలు పెట్టండి. ఒకదానిలో చన్నీళ్ళు, ఒకదానిలో ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు, మధ్యదానిలో మామూలు నీళ్ళు పోయండి. ఒక చెయ్యి చన్నీళ్ళలో, ఒక చెయ్యి వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి, రెండు చేతులూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. ఒక చెయ్యి వేడి అంటుంది, మరొకటి చల్లన అంటుంది. ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్వవేత్త 1690లోనే ఈ సంగతి రాశాడు. మన చర్మం థర్మామీటరు కాదు. అది తేడాను చెబుతుంది, డిగ్రీలను కాదు. ఆ తేడా చెప్పడానికైనా లోపల నరాలు బాగుండాలి.

అసలైన వేడినీటి ఊటలు వేరు. భూమి లోపలికి కిలోమీటరు దిగితే ఇరవై అయిదు నుంచి ముప్ఫై డిగ్రీల వేడి పెరుగుతుంది. బాగా లోతుకు దిగిన నీరు పగుళ్ళ దారి దొరికి త్వరగా పైకి వస్తే ఆ వేడి పోకుండా వస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. హిమాచల్‌లోని మణికరణ్‌లో ఊటలోనే బియ్యం మూట వేలాడదీసి అన్నం వండుతారు. ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి అంచున డల్‌హౌసీ ఊటలని ఉన్నాయి. మనుషులుండని ఆ ఎడారిలో వెచ్చని మడుగులో గంటలకొద్దీ తేలియాడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట. ఎండిన నేలలో నీళ్ళు కనబడితే మనిషికి ఎక్కడైనా ఒకటే ఆశ.

మోకాళ్ళ మాట. వేడినీళ్ళలో కూచుంటే కండరాలు సడలుతాయి, నీళ్ళు బరువును మోస్తాయి, నొప్పి కొన్ని గంటలు తగ్గుతుంది. జపానులోనూ, యూరపులోనూ ఇదొక చికిత్సగానే సాగుతోంది. కాని అరిగిన కీలు మళ్ళీ మొలవదు. మహానంది నీరు అంత వేడి కూడా కాదు. వేసవిలో వెళితే చల్లగానే తగులుతుంది. మీ అమ్మగారి మోకాళ్ళకు ఇంట్లో బకెట్టు వేడినీళ్ళ కాపడం, తొడ కండరాల వ్యాయామం, నాలుగు కిలోల బరువు తగ్గడం, ఈ మూడూ కోనేటికన్నా ఎక్కువ చేస్తాయి. గుడికి వెళ్ళవలసిన కారణం వేరే ఉంటే దానికి డాక్టరు అడ్డురాడు.

ఇక నా భయం.

2003 మే నెలలో నేను కడప జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మా నాయనకు అప్పుడు అరవై అయిదు. బడిపంతులుగా రిటైరయ్యాడు. మధుమేహం వచ్చి పన్నెండేళ్ళయింది. మాత్రలు వేళకు వేసుకునేవాడు. నేనే రక్తపరీక్ష చేయించేవాణ్ణి, నేనే మందులు రాసేవాణ్ణి. 'కొడుకు డాక్టరు, నాకేం భయం' అని ఊళ్ళో చెప్పుకునేవాడు. పన్నెండేళ్ళలో నేనొక్కసారి కూడా ఆయన పాదాలు ముట్టుకుని చూడలేదు. పండగ రోజు ముట్టుకున్నాను, దండం పెట్టడానికి.

ఆ వేసవిలో అమ్మ, నాయన, నా భార్య, అయిదేళ్ళ మా పిల్లవాడు, నేను మహానందికి వెళ్ళాం. బస్సు ఆలస్యమై గుడి చేరేసరికి పదకొండు దాటింది. నాయన కోనేటి మెట్టు మీద కూచుని రెండు పాదాలూ నీళ్ళలో పెట్టాడు. పక్కన మావాడు కేరింతలు కొడుతున్నాడు. వాణ్ణి అడిగాడు, "ఏం రా, నీళ్ళు చల్లగుండాయా, వెచ్చగుండాయా?" అని.

"చల్లగుండాయి జేజినాయనా!"

"అట్నా?" అన్నాడు నాయన. మేమందరం నవ్వాం. మనవడితో వేళాకోళమాడుతున్నాడనుకున్నాం. తన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నీళ్ళెట్లా ఉన్నాయో పక్కవాణ్ణి అడుగుతున్న మనిషిని చూసి, వైద్యశాస్త్రం చదివిన నేను కూడా నవ్వాను.

తరువాత ప్రదక్షిణలు. ఎండ నడినెత్తికి వచ్చింది. మా పిల్లవాడు నాపరాళ్ళ మీద రెండడుగులు వేసి ఏడుస్తూ నా చంకనెక్కాడు. నేను, నా భార్య నీడ వెతుక్కుంటూ మునివేళ్ళ మీద గంతులు వేశాం. నాయన మాత్రం నింపాదిగా, చేతులు జోడించుకుని, మూడు చుట్లు తిరిగాడు. "చూడరా, ఆయన భక్తి" అంది అమ్మ.

మరునాడు అహోబిలం. ఎగువ అహోబిలం గుడి దాటి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దారి మీరు చూసే ఉంటారు. భవనాశి వాగు వెంబడి బండలు, మెట్లు, ఇరుకు దారి, పైన ఆకాశాన్ని కప్పేసే కొండచరియలు. నల్లమలలో ఇంతకన్నా అందమైన చోటు నేను చూడలేదు. ఆ రోజు చెప్పులు వేసుకోమంటే నాయన వినలేదు. స్వామి దగ్గరికి చెప్పులతో ఎక్కుతారా అన్నాడు. పైదాకా ఎక్కాడు, దిగాడు. అలసటే గాని ఒక్క మాట నొప్పి అనలేదు.

మూడో రోజు ఇంట్లో అమ్మ పక్కబట్టలు దులుపుతూ దుప్పటి మీద మరకలేమిటని అడిగింది. చూస్తే కుడి అరికాలు ముందుభాగం పొడుగునా బొబ్బ చితికి, చర్మం ఊడి, లోపల ఇసుక, ఎండిన చిగురు ముక్కలు. ఎడమ కాలికి రెండు చోట్ల. ఆయనకు తెలియదు. మొదటి రోజు బండ మీద కాలింది, రెండో రోజు ఆ కాలిన కాలితో కొండ ఎక్కాడు. నెలన్నర డ్రెస్సింగులు చేశాను. చీము ఎముకకు పట్టింది. చివరికి ఒక పెద్దాసుపత్రిలో కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. మోకాలి దాకా పోనందుకు సంతోషించండి అన్నాడు సర్జను.

ఎందుకిట్లా అవుతుందో చెబుతాను. చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. మొదట పొడవైన నరాల చివర్లు, అంటే కాలివేళ్ళు, తరువాత మేజోడు తొడిగినట్టు పైపైకి. కొందరికి తిమ్మిర్లు, మంటలు వస్తాయి. వాళ్ళు అదృష్టవంతులు, డాక్టరు దగ్గరికి వెళతారు. కొందరికి ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోవడమే అక్కడ జబ్బు. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో కొలిచారు. నలభై నాలుగు డిగ్రీలకైతే ఆరు గంటలు పడుతుంది. అరవై డిగ్రీలకైతే అయిదు సెకండ్లు చాలు. మన నాపరాయి, కడప బండ మే నెల మధ్యాహ్నం ఆ అరవై దగ్గరికి సులువుగా పోతాయి. మీరూ నేనూ కాలకుండా బయటపడడానికి కారణం, రెండో సెకండుకే కాలు ఎత్తేస్తాం. ఎత్తమని చెప్పే నరం మా నాయనకు లేదు.

కాబట్టి ప్రొద్దుటూరు సోదరికి, మధుమేహం ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్న ప్రతివారికీ, ఈ రాత్రే చేయవలసిన పని ఒకటి చెబుతాను. అయిదు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. అమ్మగారిని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. తాకినట్టు తెలిసినప్పుడల్లా కుడికాలో ఎడమకాలో చెప్పమనండి. మీ చూపుడు వేలి కొనతో కుడికాలి బొటనవేలి చివర ఈక వాలినంత తేలికగా, ఒకటి రెండు సెకండ్లు తాకండి. నొక్కవద్దు, నిమరవద్దు, రెండోసారి తాకవద్దు. తరువాత కుడి చిటికెన వేలు. ఆ తరువాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు. చివర కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. మొత్తం ఆరు. వీటిలో రెండుగాని, అంతకన్నా ఎక్కువగాని తెలియకపోతే ఆ పాదాలకు కాపలా కావాలి. ముందు డాక్టరుకు చూపించండి, తీర్థయాత్ర తరువాత.

డాక్టరు వెళ్ళమంటే, పొద్దున తొమ్మిది లోపల గాని సాయంత్రం అయిదు తరువాత గాని గుడికి వెళ్ళండి. చెప్పులు విడవవలసిన చోట దళసరి నూలు మేజోళ్ళు తొడగండి. అడిగితే గుడివాళ్ళు కాదనరు, నేను అడిగి చూశాను. తెల్లసున్నం వేసిన దారి, నారపట్టాలు పరిచిన దారి ఉంటే దాని మీదే నడిపించండి. కొండదారికి వేళ్ళు కప్పే బూట్లు వేయండి. వేసుకునే ముందు వాటిని తలకిందులు చేసి దులపండి. ప్రతి రాత్రీ అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం పెట్టి చూడండి. వంగలేని వారు అద్దం కింద పెట్టుకుని చూసుకోవచ్చు. వేడినీటి ఊటకు గాని, ఇంట్లో వేడినీళ్ళ తొట్టికి గాని, దిగేముందు వేడి ఎంతో పరీక్షించవలసింది వారి కాలు కాదు, మీ మోచెయ్యి. ఇన్సులిన్ వేసుకునేవారు సీసాను తడిగుడ్డ చుట్టి చిన్న మట్టికుండలో పెట్టుకుంటే ఎండలో చెడదు. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలిపెట్టకండి.

గుండాల వంటి నిజమైన వేడి ఊటలకు వెళ్ళేవారికి ఇంకో మాట. వేడికి రక్తనాళాలు విచ్చుకుని రక్తపోటు దిగుతుంది. కూచున్నంతసేపు హాయిగానే ఉంటుంది, లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు పది నిమిషాలకు మించి ఉండకూడదు. ఎవరిదైనా చెయ్యి పట్టుకుని నిదానంగా లేవాలి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భవతులు కాళ్ళు కడుక్కుని తృప్తిపడితే మంచిది. కదలని వెచ్చని మడుగుల్లో పిల్లలను దూకనివ్వకండి, ముక్కులోకి నీళ్ళు పోకూడదు. ఆ దారిన మెదడుకు పాకే ఒక రకం అమీబా ఉంది. చాలా అరుదు, కాని కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ప్రాణాలు తీసింది.

అడవి గురించి చాలామంది పులినీ పామునూ తలచుకుని భయపడతారు. 2024 వేసవిలో మహానంది గుడి పరిసరాల్లో చిరుత తిరిగిన మాట నిజమే. గుంపుగా ఉండి, చీకటి పడకముందే తిరిగి వస్తే చాలు. పాము కరిస్తే కట్టు బిగించి కట్టకండి, కోయకండి, కాలు కదపకుండా ఆస్పత్రికి తీసుకుపొండి. నేను ఎక్కువ చూసిన జబ్బు మాత్రం ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్లిపురుగు పిల్ల తెచ్చేది. స్క్రబ్ టైఫస్ అంటారు. పొదల్లో, గడ్డిలో కూచున్నప్పుడు కుడుతుంది. కుట్టినట్టు తెలియదు. పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు, తలనొప్పితో తీవ్రమైన జ్వరం. చంకలోనో, గజ్జలోనో, నడుము దగ్గరో సిగరెట్టు కాల్చినట్టు నల్లని పెచ్చు ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగి చూపించడు, బట్టలు తీయించడు కాబట్టి డాక్టరు చూడడు. డాక్సిసైక్లిన్ మాత్రలు వేళకు పడితే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అడవి నుంచి రాగానే బట్టలు మార్చి ఒళ్ళు రుద్ది స్నానం చేయండి. నెల లోపల జ్వరం వస్తే, అడగకపోయినా సరే, నల్లమల వెళ్ళి వచ్చామని డాక్టరుకు చెప్పండి.

మా నాయన వేళ్ళు పోయాక పదమూడేళ్ళు బతికాడు. మెత్తని అడుగున్న చెప్పులు కుట్టించాను. రోజూ రాత్రి అమ్మ పాదాలు చూసేది, నేను వెళ్ళినప్పుడు నేను చూసేవాణ్ణి. మొదట్లో సిగ్గుపడేవాడు, కొడుకు తన కాళ్ళు పట్టుకుని వేళ్ళ సందులు వెతుకుతుంటే. తరువాత దినపత్రిక చదువుకుంటూ కాళ్ళు చాపేవాడు. నేనెప్పుడైనా క్షమాపణ లాంటి మాట ఎత్తబోతే, "నువ్వు మాత్రం ఏం జేస్తావు, నాకే తెలీకపాయె" అని మళ్ళీ పత్రికలో తలదూర్చేవాడు.

2008 జనవరిలో ఒకసారి మళ్ళీ మహానందికి తీసుకువెళ్ళాను. తెల్లవారి ఆరు గంటలకు చేరాం. కోనేటి మీద ఆవిరి తేలుతోంది. మేజోళ్ళతో మెట్టు మీద కూచుని ఈసారి కాలు పెట్టలేదు, వంగి చెయ్యి పెట్టాడు. "వెచ్చగుండాయి రా" అన్నాడు.

ప్రొద్దుటూరు సోదరి ఉత్తరంలో అమ్మగారి చక్కెర ఎంత ఉందో రాయలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష ఒకటి చేయించండి. ఆ అంకె, కాలివేళ్ళ పరీక్షలో ఆరింటికి ఎన్ని తెలిశాయో ఆ సంఖ్య, రెండూ కార్డు ముక్క మీద రాసి పంపండి. ప్రయాణం తేదీ అప్పుడు చూసుకుందాం.